పడ్డవాళ్ళ పెసరట్టు

రాజమహేంద్రవరంలో వీర్రాజు అని రంగుల కొట్టు నడిపే ఒకాయన ఉండేవాడు. మనసు వెన్నపూసే కానీ, తన సైకిలు బృందం పరువు ఎక్కడ పోతుందోనని అస్తమానం హడలిపోతుండేవాడు.

ఆ బృందం పేరు గౌతమీ సైకిలు మిత్రులు. వాళ్ళు పోటీలకి వెళ్ళేవాళ్ళు కారు, పతకాలు తెచ్చేవాళ్ళు అంతకన్నా కారు. బ్యాంకు ఉద్యోగులు, ఒక పళ్ళ డాక్టరు, ఒక ట్యూషన్ మాస్టారు, ఒక మిఠాయి కొట్టాయన, ఇలాంటివాళ్ళు. ఆదివారం తెల్లారేసరికి గోదావరి గట్టు దగ్గర కలుసుకుని, ధవళేశ్వరం మీదుగా కడియం దాకా తొక్కి, అక్కడ పూలతోటల మధ్య కాసేపు ఆగి, ఎండెక్కకముందే తిరిగొచ్చేవాళ్ళు. బొజ్జల మీద బిగుతు చొక్కాలు తొడుక్కుని వీళ్ళు బయల్దేరితే వీధి కుక్కలు కూడా మొరగడం మరిచిపోయి చూసేవి. వీర్రాజుకి మాత్రం అది ఒక సైన్యం. తాను సేనాధిపతి. కాకినాడలో ఇలాంటిదే ఇంకో బృందం ఉందని తెలిసినప్పటి నుంచి ఆయనకి అన్నం సయించేది కాదు.

ఆ బృందానికి ఒక ఆచారం ఉండేది. దారిలో ఎవరైనా సైకిలు మీంచి పడితే, ఆ రోజు బుల్లెమ్మగారి హోటల్లో అందరికీ ఉప్మా పెసరట్టు వాళ్ళే పెట్టించాలి. తింటూండగా ఒకరు లేచి, పడ్డవాళ్ళు ఎలా పడ్డారో అభినయించి చూపించేవారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు. పడ్డవాళ్ళూ నవ్వేవారు, నవ్వక ఏం చేస్తారు? పెసరట్టుతో ఆ పడటం సంగతి అయిపోయినట్టే. ఇక దాని గురించి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

ఈ ఆచారం పెట్టింది వీర్రాజే. "నవ్వేస్తే చాలండీ, భయం పారిపోద్ది," అనేవాడు. కొందరికి పారిపోయేది కూడా, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ బృందంలో మంగతాయారు అని ఒకావిడ ఉండేది. పోస్టాఫీసులో కౌంటరు దగ్గర కూర్చునేది. నడివయసు దాకా సైకిలు ముట్టుకుని ఎరగదు. ఒకసారి వీర్రాజు కొట్టుకి రంగులు కొనడానికి వచ్చి, గోడకి ఆనించిన సైకిలు వంక చూస్తూ నిలబడిపోయింది.

"నేర్చుకుంటావా అమ్మా?" అన్నాడు వీర్రాజు.

"ఈ వయసులోనా? నలుగురూ నవ్వుతారండీ," అంది.

"ఎవడు నవ్వుతాడో నేను చూస్తాను. నువ్వెక్కు," అన్నాడు.

కాలేజీ మైదానంలో ఆయనే వెనక సీటు పట్టుకుని పరుగెత్తి నేర్పించాడు. చొక్కా తడిసి ముద్దయ్యేది, ఆయాసంతో మాట వచ్చేది కాదు, అయినా సీటు వదిలేవాడు కాదు. ఆఖరికి ఒకరోజు చెప్పకుండా వదిలేశాడు. ఆవిడ మైదానం ఆ చివరి దాకా వెళ్ళి, వెనక ఎవరూ లేరని చూసుకుని, "అన్నయ్యగారోయ్!" అని కేక పెట్టింది. అప్పటి నుంచి ఆయన్ని అన్నయ్యగారనే పిలిచేది. మొదటిసారి ధవళేశ్వరం దాకా తొక్కినప్పుడు ఆనకట్ట దగ్గర సైకిలు దిగి కళ్ళు తుడుచుకుంది. "ఈ ఊళ్ళోనే పుట్టానండీ. పొద్దున్నపూట గోదారి ఇలా ఉంటుందని ఇన్నాళ్ళూ నాకు తెలీదు," అంది. వారమంతా కౌంటరు వెనక కూర్చునే మనిషికి ఆ ఆదివారం పొద్దే పండగ. ఇంట్లో ఎంత పనున్నా, చుట్టాలొచ్చినా, ఆ పొద్దు మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు.

అలాంటి మనిషి ఒక ఆదివారం కడియం రోడ్డు మీద పడింది. వెనకనుంచి లారీ పెద్దగా హారన్ కొట్టింది. ఆవిడ కంగారుపడి పక్కకి తిప్పింది. ముందు చక్రం కంకర మీద జారింది. దెబ్బ పెద్దగా ఏమీ తగల్లేదు, మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కానీ పడ్డ మనిషి తల ఎత్తేలోపల ఆ లారీ చక్రాలు చెంపకి గాలి తగిలేంత దగ్గరగా వెళ్ళిపోయాయి. అది ఆవిడ ఒక్కర్తే చూసింది.

ఆ రోజు ఆచారం ప్రకారం పెసరట్లు పెట్టించింది. మిఠాయి కొట్టాయన రెండు చేతులూ గాల్లో తిప్పి, "అన్నయ్యగారోయ్!" అని అరుస్తూ పడ్డట్టు చేసి చూపించాడు. హోటలంతా ఘొల్లుమంది. తాయారు కూడా నవ్వింది. నవ్వుతూనే, గీరుకుపోయిన మోచేతిని కొంగు కింద దాచుకుంది. ఎవరూ చూడలేదు.

తర్వాత కూడా ఆవిడ వస్తూనే ఉంది. కానీ అందరికన్నా వెనక తొక్కేది. దూరంగా లారీ చప్పుడు వినిపిస్తే చాలు, దిగిపోయి పక్కన నిలబడేది. అడిగితే చైను పడిందనేది.

"ఏంటమ్మా తాయారూ, నీ చైను లారీ వస్తేనే పడుద్దేంటి?" అని వీర్రాజు వేళాకోళం ఆడేవాడు. ఆవిడ తల దించుకుని నవ్వేసి మళ్ళీ ఎక్కేది.

అలా ఉండగా, ఎస్తేరు రాణి అనే అమ్మాయి నుంచి ఆ బృందం వాట్సాప్‌కి ఒక కబురు వచ్చింది. ఆ అమ్మాయి ఒక విశ్వవిద్యాలయంలో ఆటలాడేవాళ్ళ మనసు గురించి పరిశోధన చేస్తోంది. పెద్ద పెద్ద ఆటగాళ్ళయితే సంఘాల్లో దొరుకుతారు గానీ, సరదాకి తొక్కేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? అందుకని ఇలా ఊరూరా ఉన్న సైకిలు బృందాలని ఫోన్లలోనే వెతుక్కుంటోంది. "సరదాగా సైకిలు తొక్కేవారు మాకు కావాలి. మీరెప్పుడైనా పడ్డారా? పడ్డాక మీ మనసు ఎలా ఉంది? ఇందులో మంచి జవాబు, చెడ్డ జవాబు అని లేవు. ఎవరికి వారు, ఒంటరిగా కూర్చుని జవాబులివ్వండి. మీ పేర్లు ఎవరికీ చెప్పం. ఏ ఏ ఊళ్ళవారు పాల్గొన్నారో మాత్రం మా పుస్తకంలో వేస్తాం. పడ్డ భయం ఇంకా వదలని వారిని పిలిచి, దగ్గరుండి, మెల్లమెల్లగా మళ్ళీ సైకిలు ఎక్కిస్తాం," అని రాసింది.

వీర్రాజు 'ఊళ్ళ పేర్లు పుస్తకంలో వేస్తాం' అన్న దగ్గర ఆగిపోయాడు. ఆయనకి అక్కడి నుంచి కిందకి కళ్ళు దిగలేదు. తాయారు మాత్రం ఆఖరి మాట దాకా చదివింది. చదివి, ఫోను పక్కన పెట్టి, మళ్ళీ తీసి చదివింది. ఇన్నాళ్ళకి తన గురించి ఎవరో అడిగారనిపించింది ఆవిడకి.

ఆ ఆదివారం హోటల్లో ఇదే గోల.

"మనసు పరీక్షంటే ఏంటండీ? మనకేమైనా పిచ్చా?" అన్నాడు మిఠాయి కొట్టాయన.

"ఆదివారం పూట దుప్పటి ముసుగేసి పడుకోకుండా కడియం దాకా తొక్కుతున్నాం. అనుమానమేంటి?" అన్నాడు ట్యూషన్ మాస్టారు.

"వేళాకోళాలు ఆపండి," అని వీర్రాజు లేచి నిలబడ్డాడు. "కాకినాడవాళ్ళు కూడా రాస్తున్నారట. రేపు పుస్తకంలో రెండు ఊళ్ళూ పక్కపక్కన పడతాయి. అందరూ ఫోన్లు తియ్యండి. నేను ప్రశ్న చదువుతాను, నేను చెప్పింది నొక్కండి."

పళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఒంటరిగా కూర్చుని రాయమన్నారు కదండీ వీర్రాజుగారూ."

"ఒంటరిగా రాస్తే తలో రకంగా రాస్తారండీ. రాజమండ్రివాళ్ళు పిరికిపందలని అచ్చులో పడితే, కాకినాడవాళ్ళకి మీరొచ్చి సమాధానం చెప్తారా?"

డాక్టరు పెసరట్టు ముక్క అల్లప్పచ్చడిలో ముంచుకున్నాడు.

ఇక మొదలైంది. వీర్రాజు వేలంపాట పాడేవాడిలా గొంతెత్తి చదివాడు. "పడ్డ తర్వాత సైకిలు ఎక్కాలంటే చేతులు వణుకుతున్నాయా? లేదు! నొక్కండి! వెనక బండి చప్పుడు వింటే గుండె దడ వస్తోందా? లేదు! నొక్కండి! సైకిలు మానేద్దామని ఎప్పుడైనా అనిపించిందా?"

"లేదు!" అని అందరూ ఒకేసారి అరిచారు. బుల్లెమ్మగారు అట్లకాడ పట్టుకుని వంటింట్లోంచి తొంగి చూసింది.

తాయారు వేలు మాత్రం కదల్లేదు.

"అన్నయ్యగారూ, ఇది నేను ఇంటికెళ్ళి రాసుకుంటానండీ," అంది మెల్లగా.

"ఏం? ఇక్కడేమైంది?"

"అది కాదండీ. చివర్లో ఏదో రాశారు కదా, భయం వదలనివాళ్ళని పిలిచి మళ్ళీ ఎక్కిస్తామని. నాకు... నేను వెళ్దామనుకుంటున్నానండీ."

వీర్రాజు ఆవిడ మొహం చూశాడు. ఆ క్షణంలో ఆయనకి అంతా తెలిసిపోయింది. లారీ వస్తే పడే చైను, అందరికన్నా వెనక తొక్కడం, తల దించుకున్న నవ్వు, అన్నీ. ఎంతయినా సీటు పట్టుకుని నేర్పించిన మనిషి, తెలియకుండా ఎలా ఉంటుంది? అప్పుడు 'సరేనమ్మా, వెళ్ళి రాసుకో' అని ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఉండేదే కాదు. కానీ ఆయన కళ్ళ ముందు కాకినాడ కనిపించింది. పుస్తకం కనిపించింది. అందరూ తనవంకే చూస్తున్నారు.

"ఇదేంటమ్మా తాయారూ!" అన్నాడు పెద్దగా నవ్వుతూ. "పెసరట్టు పెట్టించేశావు కదా, ఇంకా భయమేంటి? ఆ రోజు అట్టులో అల్లం తక్కువైందేమో!"

హోటలు మళ్ళీ ఘొల్లుమంది. మిఠాయి కొట్టాయన అలవాటుగా చేతులు గాల్లో తిప్పాడు. తాయారు కూడా నవ్వింది. నవ్వి, తల వంచుకుని, "లేదు" అని నొక్కింది. మిగతా వాటికి కూడా ఆయన చెప్పినట్టే నొక్కేసింది.

తర్వాతి ఆదివారం ఆవిడ రాలేదు. ఇంట్లో చుట్టాలని చెప్పింది. ఆ పై వారం ఆఫీసులో పని అంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కడియం రోడ్డు మీద వీర్రాజు ఒకటి రెండు సార్లు వెనక్కి తిరిగి చూశాడు. వస్తుందిలే, ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. ఆయన మనసంతా పుస్తకం మీదే ఉంది.

చలికాలం వచ్చినా పుస్తకం జాడ లేకపోయేసరికి, ఉండబట్టలేక ఎస్తేరు రాణికి ఫోను చేశాడు.

"మా రాజమండ్రి పేరు ముందు వేశారా అమ్మా, కాకినాడ పేరు ముందు వేశారా?" అని అడిగాడు.

"ఏమీ అనుకోకండి వీర్రాజుగారూ. మీ బృందం జవాబులు పక్కన పెట్టేశామండీ. మీ ఊరి పేరు ఉండదు."

"అదేంటమ్మా! అందరం ధైర్యంగా రాశాం కదా!"

"అందుకేనండీ. అందరివీ ఒక్కలాగే, ఒకే పూట వచ్చాయి. అంతమంది పడ్డారట, ఒక్కరికి కూడా గుండె దడ రాలేదట. మనుషులు అలా ఉండరండీ. అవి ఎవరో చెప్పించిన జవాబులని మా మేడమ్ గారు చూడగానే అన్నారు."

వీర్రాజు వెంటనే, "మరి కాకినాడవాళ్ళు?" అన్నాడు.

"వాళ్ళు ఉన్నది ఉన్నట్టు రాశారండీ. భయంగా ఉందని చాలామందే రాశారు. వాళ్ళలో కొందరిని మైదానంలో మళ్ళీ ఎక్కిస్తున్నాం. మీ దగ్గర కూడా ఒక్కరైనా అలా రాసి ఉంటే రాజమండ్రి కూడా వచ్చేవాళ్ళమండీ. కాకినాడలో ఒకావిడకి బస్సు హారన్ వింటే కాళ్ళు చచ్చుబడిపోయేవి. నిన్న ఆవిడ తనంతట తనే వంతెన దాటి వెళ్ళారు. దిగాక ఒకటే ఏడుపు, సంతోషంతోనే."

ఆ మాట వినేసరికి వీర్రాజుకి ఆనకట్ట దగ్గర కళ్ళు తుడుచుకున్న తాయారు గుర్తొచ్చింది. చేతిలో ఉన్న రంగు డబ్బా బల్ల మీద పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

"మాలో కూడా ఒకావిడ ఉందమ్మా," అన్నాడు. "నిజం రాస్తానంది. నలుగురిలో నవ్వులపాలు చేసి, లేదని నొక్కించింది నేనే."

ఎస్తేరు రాణి ఆయన్ని ఒక్క మాట అనలేదు. "ఆవిడ్ని నాకు ఫోను చెయ్యమనండి. పరిశోధనలో కలపడం ఇక కుదరదు గానీ, సాయానికి దాంతో పనేముంది? నేను వస్తాను. కానీ ఆవిడకై ఆవిడ అడగాలండీ. బలవంతంగా ఎవరినీ ఎక్కించలేం," అంది.

వీర్రాజు కొట్టు అలాగే వదిలేసి తాయారు ఇంటికి పరుగెత్తాడు. వరండాలో సైకిలు ఆనించే చోట తులసి కుండీ ఉంది.

"రండి అన్నయ్యగారూ, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అంటూ తాయారు నవ్వుతూ ఎదురొచ్చింది.

"సైకిలేదమ్మా?"

"మా ఆడపడుచు కూతురికి ఇచ్చేశానండీ. పిఠాపురంలో కాలేజీకి దాని మీదే వెళ్తోందట. ఇక్కడ తుప్పు పట్టడం ఎందుకని."

ఆయన కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. ఆ అమ్మాయి వస్తానందని, ఒక్క ఫోను చేస్తే చాలని చెప్పాడు. కావాలంటే కొత్త సైకిలు తనే తెచ్చిస్తానన్నాడు. మళ్ళీ సీటు పట్టుకుని మైదానమంతా పరుగెత్తుతానన్నాడు. "తప్పు నాదేనమ్మా. నాకు ఆ రోజే తెలుసు. తెలిసే నవ్వాను," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తాయారు వంగి తులసి ఆకులు సవరించింది.

"వద్దండీ," అంది. "ఆ రోజు హోటలుకి వచ్చే ముందు ఇంట్లో అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు అనుకున్నానో ఆ మాట. నాకు భయంగా ఉందని చెప్పాలి, చెప్పాలి, అని. సైకిలెక్కడానికి కూడా నాకంత ధైర్యం అక్కర్లేకపోయింది. ఎలాగో కూడగట్టుకుని వచ్చాను. మళ్ళీ కూడగట్టుకోవడం నా వల్ల కాదు అన్నయ్యగారూ."

"నన్ను తిట్టమ్మా, పోనీ."

"ఎందుకండీ తిట్టడం? నేర్పించింది కూడా మీరే కదా," అంది.

తిట్టినా అంత బాధ ఉండేది కాదు ఆయనకి. ఆవిడ కాఫీ కలిపి తెచ్చింది. తాగానన్న పేరుకి తాగి, ఆయన గుమ్మం దిగుతూంటే వెనకనుంచి అడిగింది.

"కడియంలో బంతిపూలు వచ్చాయా అన్నయ్యగారూ?"

"వచ్చాయమ్మా," అన్నాడు వీర్రాజు. వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూసే ధైర్యం ఆయనకి లేకపోయింది.

కొన్నాళ్ళకి మిఠాయి కొట్టాయన ధవళేశ్వరం దగ్గర పడ్డాడు. ఆచారం ప్రకారం హోటల్లో పెసరట్లు చెప్పాడు. ట్యూషన్ మాస్టారు అభినయించడానికి ఉత్సాహంగా లేచాడు.

"కూర్చోండి మాస్టారూ," అన్నాడు వీర్రాజు. మిఠాయి కొట్టాయన వైపు తిరిగి, "భయమేసిందా?" అని అడిగాడు.

ఆయన ముందు నవ్వబోయాడు. ఎవరూ నవ్వట్లేదని చూసి ఆగిపోయాడు. "ఏసిందండి బాబూ," అన్నాడు. "ఇంకా కాళ్ళు వణుకుతున్నాయి. మా చంటిది గుర్తొచ్చింది." అందరినీ అంత నవ్వించే మనిషి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు పళ్ళ డాక్టరు తను పడ్డ సంగతి చెప్పాడు. తర్వాత మాస్టారు చెప్పాడు. పెసరట్లు చల్లారిపోయాయి. బుల్లెమ్మగారు వచ్చి మళ్ళీ వేసి తెస్తానంది.

వీర్రాజు అందరి మాటలూ చివరిదాకా విన్నాడు. కానీ ఆ మాట మొట్టమొదట చెప్పబోయిన మనిషి మాత్రం ఆ బల్ల దగ్గర లేదు. ఇప్పటికీ ఆదివారం కడియం రోడ్డు మీద వెనక లారీ హారన్ వినిపిస్తే, వీర్రాజు సైకిలు ఆపి వెనక్కి తిరిగి చూస్తాడు. రోడ్డు పక్కన దిగి నిలబడినవాళ్ళు ఎవరూ ఉండరు. కాసేపు ఆగి, మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళిపోతాడు.

నీతి: భయంగా ఉందని చెప్పడానికే అన్నిటికన్నా ఎక్కువ ధైర్యం కావాలి, పరువు కోసం ఆ మాటని నవ్వులపాలు చేస్తే, తర్వాత మనం ఎంత బతిమాలినా అది మళ్ళీ నోరు దాటి రాదు.